జపాన్‌కి తైవాన్ చేసిన సాయం: మినమిసన్‌రికు ఆసుపత్రి చూసొచ్చాక

సెందాయ్_సుధ:
అందరికీ నమస్కారం. నేను జపాన్‌లో సెందాయ్‌లో ఉంటాను, ఇక్కడికొచ్చి ఇది ఏడో ఏడు. పోయిన శనివారం మా ఆఫీసులో పనిచేసే ఒక పెద్దావిడ తన ఊరు చూపిస్తానని కారులో మినమిసన్‌రికు తీసుకెళ్ళింది. ఇక్కణ్ణించి గంటన్నర దారి, సముద్రం ఒడ్డున చిన్న ఊరు. 2011 మార్చి 11 సునామీలో ఊళ్ళో పల్లపు భాగమంతా తుడిచిపెట్టుకుపోయింది. అప్పటి విపత్తు నిర్వహణ కార్యాలయం మూడంతస్తుల కట్టడం, గోడలన్నీ పోయి ఎర్రటి ఇనప చట్రం ఒక్కటే మిగిలింది, దాన్ని అలాగే ఉంచి చుట్టూ పార్కు చేశారు. అక్కడ నిలబడితే నోట మాట రాదు.

కానీ నేను రాయాలనుకున్నది దాని తర్వాత చూసిన దాని గురించి. ఆవిడ నన్ను మెరక మీద కట్టిన కొత్త ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పాతది, షిజుగావా ఆసుపత్రి, సముద్రానికి బాగా దగ్గర. ఆ రోజు నీళ్ళు నాలుగో అంతస్తు దాకా వచ్చాయి. మంచం దిగలేని ముసలివాళ్ళని సిబ్బంది మెట్ల మీద మోసుకుంటూ పైకి చేరుస్తున్నారట, చేర్చగలిగినంత మందిని చేర్చారు, మిగిలిన వాళ్ళు, సిబ్బంది కలిపి 70 మందికి పైగా పోయారు. కొత్త ఆసుపత్రి 2015 డిసెంబర్‌లో తెరిచారు. దానికి సుమారు 560 కోట్ల యెన్లు అయితే అందులో 220 కోట్ల యెన్ల దాకా తైవాన్ రెడ్‌క్రాస్ ఇచ్చింది. ఆవరణలో తైవాన్‌కి కృతజ్ఞత చెబుతూ ఒక రాయి ఉంది. మా ఆవిడ (ఆఫీసావిడ) దాని ముందు ఆగి నడుం వంచి నమస్కారం చేసింది. వచ్చినప్పుడల్లా చేస్తారా అని అడిగాను. "మా అమ్మ బీపీ మందులు ఇక్కడే తీసుకుంటుంది" అంది, అంతకుమించి ఏమీ అనలేదు.

నాకు ఆ మాట వారం రోజులుగా తిరుగుతూనే ఉంది. ఒక దేశం ఇంకో దేశానికి కృతజ్ఞతగా ఉండటం అంటే ఏమిటో నాకు అక్కడ కొంచెం అర్థమైనట్టుంది. మీకు తెలిసినవి కూడా రాయండి.

హారిక_విశాఖ:
చదివి కళ్ళు తడిశాయి సుధ గారూ. ఒక సందేహం. తైవాన్ చిన్న దేశం కదా, అంత డబ్బు ఎందుకిచ్చింది? ప్రభుత్వం ఇచ్చిందా, జనమా?

రమణి_షిన్చు:
హారికా, నేను చెబుతాను. మేం తైవాన్‌లో షిన్చులో ఉంటాం, మా ఆయన చిప్‌ల కంపెనీలో చేస్తారు. 2011లో తైవాన్ నుంచి మొత్తం 2,000 కోట్ల యెన్లకు పైగా వెళ్ళాయి. ఇక్కడి జనాభా 2 కోట్ల 30 లక్షలు, మన తెలంగాణ కన్నా తక్కువ. అందులో ఎక్కువ భాగం మామూలు జనం ఇచ్చిందే. టీవీల్లో నటులు, గాయకులు గంటల తరబడి ఫోన్ల దగ్గర కూర్చుని విరాళాలు తీసుకున్నారు. బడి పిల్లలు డిబ్బీలు తెచ్చిచ్చారు. ట్జు చీ అని ఇక్కడ పెద్ద బౌద్ధ సేవా సంస్థ ఉంది, నీలం చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకుంటారు, వాళ్ళు జపాన్ వెళ్ళి సునామీలో ఇల్లు పోయిన కుటుంబాలకి డబ్బు నేరుగా చేతికే ఇచ్చారు. ఇచ్చేటప్పుడు రెండు చేతులతో, వంగి ఇస్తారు. తీసుకునేవాళ్ళ కంటే ఇచ్చేవాళ్ళే ఎక్కువ వంగుతారు, నేను ఇక్కడ వాళ్ళ పంపిణీ ఒకటి దగ్గరుండి చూశాను.

ఎందుకిచ్చారు అంటే, 1999 గుర్తుంది కాబట్టి. సెప్టెంబర్ 21 తెల్లవారుజామున 1 గంట 47 నిమిషాలకి ఇక్కడ పెద్ద భూకంపం వచ్చింది, 2,400 మందికి పైగా పోయారు. తైవాన్‌లో ఎవర్నడిగినా దాన్ని తేదీతోనే చెబుతారు, "తొమ్మిది ఇరవై ఒకటి" అని. అప్పుడు బయటి దేశాల నుంచి అందరికంటే ముందు దిగింది జపాన్ రక్షక దళం, అందరికంటే పెద్దది కూడా వాళ్ళదే. మా ఇంటి ఓనరుగారి అమ్మమ్మ వాళ్ళది నాన్‌తౌ జిల్లా, దెబ్బ అక్కడే ఎక్కువ. శిథిలాల్లోంచి తీసిన ఒక శవం ముందు జపాన్ వాళ్ళు టోపీలు తీసి వరసగా నిలబడి తల వంచారని ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. బతికించలేకపోయినందుకు క్షమాపణ అడుగుతున్నట్టు ఉందట. ఆవిడకి డబ్బు, మందులు, గుడారాలు ఏవీ గుర్తులేవు, అది గుర్తుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. 1995లో కోబెలో భూకంపం వచ్చినప్పుడు జపాన్ ప్రభుత్వం తాత్కాలిక ఇళ్ళు కట్టించింది కదా, అక్కడి జనం సొంత ఇళ్ళకి మారాక వాటిలో సుమారు వెయ్యి ఇళ్ళు విప్పి ఓడల్లో తైవాన్ పంపించారు. ఒకరి కష్టంలో తల దాచుకున్న ఇల్లు ఇంకొకరి కష్టంలో పనికొచ్చింది.

శ్రీధర్78:
మంచి విషయమే, కానీ ఒక మాట. మరీ ఇంత భావోద్వేగం అక్కర్లేదేమో. దేశాల మధ్య సాయాలన్నీ లెక్కలే. జపాన్‌కీ తైవాన్‌కీ ఇద్దరికీ చైనాతో టెన్షన్ ఉంది కాబట్టి దగ్గరయ్యారు. పైగా అప్పట్లో జపాన్ ప్రభుత్వం ప్రపంచమంతా పేపర్లలో థాంక్స్ ప్రకటనలు వేసి, అందరికంటే ఎక్కువ ఇచ్చినవాళ్ళలో ఉన్న తైవాన్‌లో మాత్రం వేయలేదు. దాన్ని కృతజ్ఞత అంటామా?

సెందాయ్_సుధ:
శ్రీధర్ గారూ, మీరు చెప్పింది నిజం. సునామీ వచ్చి నెలైన రోజున, 2011 ఏప్రిల్ 11న, ఆ ప్రకటనలు అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా, చైనా, దక్షిణ కొరియా పేపర్లలో వచ్చాయి. తైవాన్‌లో రాలేదు. 1972లో చైనాతో దౌత్య సంబంధాలు పెట్టుకున్నప్పుడు తైవాన్‌తో తెంచుకున్నారు కాబట్టి అధికారికంగా అక్కడ ఎంబసీ లేదు, ప్రధాని సందేశం కూడా వేరే సంస్థ ద్వారా పంపారు.

కానీ ఆ తర్వాత జరిగింది మీరు రాయలేదు. ఇది చూసి జపాన్‌లో జనానికి సిగ్గనిపించింది. ఒక డిజైనర్, మామూలు మనిషి, ట్విట్టర్‌లో మనమే డబ్బు వేసుకుని తైవాన్ పేపర్లలో ప్రకటన వేద్దామా అని రాసింది. ముక్కూ మొహం తెలియని వేల మంది తలా కొంచెం పంపారు. ప్రకటన ఖర్చుకి కావలసిన దానికి ఎన్నో రెట్లు వచ్చింది. 2011 మే 3న తైవాన్‌లో రెండు పెద్ద పేపర్లలో ఆ ప్రకటన వచ్చింది, మిగిలిన డబ్బంతా రెడ్‌క్రాస్ ద్వారా సునామీ బాధితులకే ఇచ్చేశారు.

మరుసటి ఏడాది, 2012 మార్చి 11న టోక్యోలో జరిగిన సంస్మరణ సభలోనూ అదే తప్పు చేశారు. తైవాన్ ప్రతినిధిని మిగతా దేశాల వాళ్ళతో కాకుండా విడిగా కూర్చోబెట్టి, పూలు పెట్టడానికి పేరు పిలవలేదు. దాని మీద పార్లమెంటులో గొడవైతే ప్రధాని నోడా క్షమాపణ చెప్పాడు. 2013లో పేరు పెట్టి పిలిచారు, చైనా ఆ సభకి రాలేదు. చైనా ఊరుకోదని తెలిసే పిలిచారు కదా మరి. అందుకే మీరన్న లెక్క నాకు పూర్తిగా ఒప్పదు. లెక్క చూసుకుంది ప్రభుత్వం, ఆ లెక్క తప్పని చెప్పి మార్పించింది జనం.

కిరణ్_ఎల్బీనగర్:
ఇక్కడ బేస్‌బాల్ సంగతి ఎవరూ చెప్పలేదేంటి! మనకి క్రికెట్ ఎంతో వాళ్ళిద్దరికీ బేస్‌బాల్ అంత. 2013 మార్చి 8, టోక్యో డోమ్, వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో జపాన్, తైవాన్ మ్యాచ్. మ్యాచ్‌కి ముందు ఎవరో ట్విట్టర్‌లో, స్టేడియంకి వెళ్ళేవాళ్ళు 2011 సాయానికి థాంక్స్ చెబుతూ బోర్డులు పట్టుకెళ్ళండి అని రాశారు. పట్టుకెళ్ళారు. నేను తర్వాత యూట్యూబ్‌లో చూశాను, జపాన్ జెర్సీలు వేసుకున్నవాళ్ళు తైవాన్‌కి థాంక్స్ అని చైనీస్ అక్షరాల్లో రాసిన అట్టలు ఎత్తి పట్టుకున్నారు.

మ్యాచ్ అయితే గుండె ఆగిపోయేలా జరిగింది. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్లు, తైవాన్ ఒక్క పరుగు ముందుంది, ఇంకొక్క అవుటైతే జపాన్ ఓడిపోతుంది. అక్కడ జపాన్ ఆటగాడు తోరితాని ప్రాణాలకి తెగించి రెండో బేస్ దొంగిలించాడు (అంటే ఎవరూ బంతి కొట్టకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ చేరుకున్నాడు), వాళ్ళ ఇబాతా కొట్టి సమం చేశాడు, పదో ఇన్నింగ్స్‌లో జపాన్ 4-3తో గెలిచింది. అంత దగ్గరకొచ్చి ఓడిపోతే మనవాళ్ళైతే తల దించుకుని డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్ళిపోతారు కదా. తైవాన్ ఆటగాళ్ళందరూ గ్రౌండ్ మధ్యలోకి వచ్చి గుండ్రంగా, మొహాలు బయటికి పెట్టి నిలబడి, నాలుగు వైపులా ఉన్న జనానికి వంగి నమస్కారం చేశారు. స్టేడియం స్టేడియం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేను ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

హారిక_విశాఖ:
కిరణ్ అన్నా ఇప్పుడే వెతికి చూశా. నిజంగా ఒళ్ళు పులకరించింది.

గురునాథం_మాస్టారు:
నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. సంతోషంగా చదువుతున్నాను, కానీ ఒక విషయం వదిలేస్తే ఈ కథ సగమే అవుతుంది. 1895 నుంచి 1945 వరకు, సరిగ్గా యాభై ఏళ్ళు, తైవాన్ జపాన్ కింద వలసగా ఉంది. రైళ్ళు వేశారు, కాలువలు తవ్వారు, బళ్ళు పెట్టారు. అదే చేత్తో తిరగబడ్డ వాళ్ళని చంపారు. 1930లో వూషేలో కొండజాతి జనం తిరుగుబాటు చేస్తే ఎంత దారుణంగా అణిచారో చదివితే నిద్ర పట్టదు. మనం తెల్లవాళ్ళ పాలన చూసిన వాళ్ళం, మనకి ఇది అర్థం కావాలి.

నేను దీన్ని ఎత్తి చూపుతున్నది సాయాన్ని తక్కువ చేయడానికి కాదు. అలాంటి గతం ఉన్న రెండు చోట్ల జనం, 1999లోనూ 2011లోనూ ఎదుటివాడి కష్టం చూసి కదిలారు అంటే, అది చాలా పెద్ద విషయం అని చెప్పడానికి. పాత గాయం మానిందని నేను అనను. అది ఉండగానే చెయ్యి చాపారు.

రమణి_షిన్చు:
మాస్టారూ, మీరు రాసినందుకు చాలా సంతోషం. ఇక్కడ కూడా అందరూ ఒకేలా మాట్లాడరు. మనిషి వయసుని బట్టి, తాతల అనుభవాన్ని బట్టి మారుతుంది. చైనా నుంచి 1949లో వచ్చిన కుటుంబాల వాళ్ళకి జపాన్ అంటే యుద్ధమే గుర్తొస్తుంది. అయినా 2011లో వాళ్ళూ ఇచ్చారు.

వేణు_ఎం:
దీనికి రెండో వైపు నేను కళ్ళారా చూశాను కాబట్టి రాస్తున్నాను. 2015 ఏప్రిల్ 25న నేపాల్ భూకంపం వచ్చినప్పుడు నేను ఖాట్మండులో ఒక భవన నిర్మాణ పని మీద ఉన్నాను. సుమారు 9,000 మంది పోయారు. మన వాయుసేన విమానాలు కొన్ని గంటల్లోనే దిగాయి, ఆపరేషన్ మైత్రి అని పేరు పెట్టారు. ఆ మొదటి రాత్రులు మేమంతా మైదానంలో పడుకున్నాం, వర్షం, కింద భూమి కదులుతూనే ఉంది. మన సైనికులు తెచ్చిన టార్పాలిన్ కింద నా పక్కన ఉన్న నేపాలీ కుటుంబం, నేను ఇండియన్ అని తెలిసి, వాళ్ళ దగ్గరున్న అటుకుల్లో సగం నాకు పెట్టింది. వద్దన్నా వినలేదు.

పది రోజులు తిరక్కుండానే అదే నేపాల్‌లో ఇండియన్ మీడియా ఇంటికెళ్ళిపోండి అని ట్విట్టర్ హోరెత్తిపోయింది. ఎందుకంటే మన టీవీల వాళ్ళు కొందరు, కొడుకుని పోగొట్టుకున్న తల్లి ముందు మైకు పెట్టి మీకు ఎలా అనిపిస్తోంది అని అడిగారు, రోజంతా మనం ఏమేం ఇచ్చామో చెప్పుకుంటూ కూర్చున్నారు. ఇచ్చింది నిజమే, చాలా ఇచ్చాం. కానీ ఇచ్చినవాడు పదే పదే చెప్పుకుంటే తీసుకున్నవాడికి అది గొంతులో అడ్డం పడుతుంది. రమణి గారు రాసిన, ఇచ్చేవాళ్ళే ఎక్కువ వంగుతారు అనే మాట చదివి నాకు ఇదంతా గుర్తొచ్చింది.

శ్రీధర్78:
వేణు గారి పోస్టు రెండుసార్లు చదివాను. నేను ముందు రాసిందాన్లో తొందరపడ్డాను. లెక్కలు ఉంటాయి అనే మాటకి కట్టుబడి ఉన్నాను, కానీ లెక్కలు మాత్రమే ఉంటాయి అన్నట్టు రాశాను, అది తప్పు.

దివిసీమ_ప్రసాద్:
మాది అవనిగడ్డ దగ్గర. 1977 నవంబర్ 19 ఉప్పెన నాటికి నేను పుట్టలేదు, కానీ మా ఇంట్లో ఆ రోజు గురించి వినని రోజు లేదు. పది వేల మందికి పైగా పోయారు. మా నాయనమ్మ తాటిచెట్టు పట్టుకుని బతికింది, ఇద్దరు పిల్లలు ఆవిడ చేతుల్లోంచే పోయారు. సుధ గారు సునామీ అంటే నాకు ఉప్పెన అనే వినపడుతుంది. మినమిసన్‌రికు పేరు పలకడం కూడా నాకు సరిగా రాదు, కానీ ఆ ఊరి మనుషులు ఎలా ఉండి ఉంటారో తెలుసు.

ఉప్పెన తర్వాత ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. రామకృష్ణ మిషన్ వాళ్ళు ఇళ్ళు కట్టించారు. శవాలు ఎత్తడానికి సొంత మనుషులే దగ్గరికి రాలేని స్థితిలో, భాష తెలియని కుర్రాళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకుని ఆ పని చేశారట. నాయనమ్మకి వాళ్ళ పేర్లు తెలియవు, ఏ ఊరో తెలియదు. బతికున్నన్నాళ్ళూ ఇంటికి ఏ కొత్తమనిషి వచ్చినా, ఊళ్ళు తిరిగి స్టీలు సామాను అమ్మేవాళ్ళు వచ్చినా సరే, అన్నం పెట్టకుండా పంపేది కాదు. "ఆళ్ళల్లో ఒకడై ఉంటాడురా" అనేది. వాళ్ళు కాదని ఆవిడకీ తెలుసు.

సెందాయ్_సుధ:
ప్రసాద్ గారూ, మీరు రాసింది రాత్రి చదివి ఏమీ రాయలేకపోయాను. ఇవాళ మా ఆఫీసావిడకి మీ నాయనమ్మ గారి సంగతి నాకొచ్చిన జపనీస్‌లో చెప్పాను. ఆవిడ చాలాసేపు ఊరుకుని, పేరు అడిగింది. మహాలక్ష్మి, సుబ్బమ్మ, ఏదో చెప్పలేకపోయాను, నాకు తెలియదు కదా. తెలుసుకుని చెప్పమంది.

దివిసీమ_ప్రసాద్:
వెంకాయమ్మ. చెప్పండమ్మా.

రమణి_షిన్చు:
ఇది ఒకసారి ఇచ్చి ఒకసారి తీసుకోవడంతో అయిపోలేదు, ఆ సంగతీ రాసేస్తాను. 2011 సెప్టెంబర్‌లో ఆరుగురు జపనీయులు జపాన్‌లోని యొనగుని దీవి నుంచి తైవాన్ తీరానికి వంతులవారీగా ఈదుకుంటూ వచ్చారు. మధ్యలో 110 కిలోమీటర్ల సముద్రం, షార్కులు, జోరు ప్రవాహం. సునామీ దెబ్బ తిన్న ఇవాతే, మియాగి, ఫుకుషిమా గవర్నర్ల ఉత్తరాలు తెచ్చారు. 2018 ఫిబ్రవరిలో ఇక్కడ హువాలియెన్‌లో భూకంపం వస్తే అప్పటి ప్రధాని షింజో అబే, తైవాన్‌కి ధైర్యం చెబుతూ తన చేత్తో కుంచె పట్టి నాలుగు అక్షరాలు రాసి చూపించాడు, ఆ ఫొటో ఇక్కడ ఫోన్ ఫోన్‌కీ తిరిగింది.

2021 మే నెల మాకు చాలా భయంగా గడిచింది. అప్పటిదాకా కరోనా లేనట్టే ఉండి ఒక్కసారిగా పెరిగింది, టీకాలు దొరకట్లేదు. జూన్ 4న జపాన్ నుంచి 12 లక్షల 40 వేల డోసులు వచ్చాయి. విమానం దిగుతుంటే టీవీల్లో లైవ్ చూపించారు. 2011లో మీరు చేసినదానికి అని జపాన్ మంత్రే అన్నాడు. ఆ రోజు మా పక్కింటాయన, డెబ్బై దాటినాయన, కింద వరండాలో కూర్చుని ఏడ్చారు. పదేళ్ళ కిందట తను వెయ్యి డాలర్లు, ఇక్కడి డాలర్లే, పోస్టాఫీసులో కట్టానని, తిరిగొస్తుందని కట్టలేదని అన్నారు.

మళ్ళీ 2024 జనవరి 1న జపాన్‌లో నోటోలో భూకంపం, ఇక్కడ విరాళాలు. ఏప్రిల్ 3న హువాలియెన్‌లో 7.2 తీవ్రతతో భూకంపం, అక్కడ విరాళాలు. మూడు నెలలు తేడా.

సెందాయ్_సుధ:
ఆ ఏప్రిల్ నాకు బాగా గుర్తుంది. మా వీధి చివర కొట్టులో బిల్లు కట్టే చోట నోటో కోసం పెట్టిన డబ్బా పక్కనే హువాలియెన్ డబ్బా వచ్చింది. స్కూలు డ్రెస్సులో ఉన్న ఒక పిల్ల చిల్లర రెండు భాగాలు చేసి రెండిట్లోనూ వేసింది.

కిరణ్_ఎల్బీనగర్:
మన వాళ్ళు కూడా 2011లో వెళ్ళారు కదా? ఎన్‌డీఆర్‌ఎఫ్?

సెందాయ్_సుధ:
వెళ్ళారు కిరణ్. 46 మంది. మన ఎన్‌డీఆర్‌ఎఫ్ దేశం దాటి చేసిన మొదటి పని అదే. మా సెందాయ్ ఉన్న ఇదే మియాగి రాష్ట్రంలో ఒనగావా అనే ఊళ్ళో శిథిలాల్లో వెతికారు, మార్చి చివర, బాగా చలి. ఆ పేరు విన్నప్పటి నుంచి నాకూ వెళ్ళాలని ఉంది.

హారిక_విశాఖ:
సుధ గారూ, నాకు వచ్చే ఏప్రిల్‌లో టోక్యోలో రెండు వారాల ట్రైనింగ్ ఉంది. మినమిసన్‌రికుకి ఒక్క రోజులో వెళ్ళి రావచ్చా? భాష రాదు, కొంచెం భయంగా ఉంది.

సెందాయ్_సుధ:
వచ్చేయమ్మా, భయం ఎందుకు. టోక్యో నుంచి సెందాయ్‌కి బుల్లెట్ రైల్లో గంటన్నర. శనివారం పొద్దున్నే బయల్దేరు, స్టేషన్‌కి నేనొస్తాను. కారు ఆవిడదే, నిన్ననే అడిగి పెట్టుకున్నాను. ఒనగావా కూడా ఆ దారిలోనే కలుపుకుందాం అంది. స్వెట్టర్ మర్చిపోకు, ఏప్రిల్‌లో కూడా ఇక్కడ సముద్రం గాలి చలిగానే ఉంటుంది.